ఎవరి ఆకు వారే

పినాకపాణికి గురువుగారి వైద్యంలో అన్నీ నచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటే తర్వాత అతన్ని బతికినంతకాలం వదల్లేదు.

లంకమల కొండల అంచున, వాగు మలుపు తిరిగే చోట రేవణయ్య స్వామి మఠం ఉండేది. మఠమంటే పెద్దగా ఊహించుకోవద్దు. బోదగడ్డి కప్పిన రెండు కొట్టాలు, ఒక అరుగు, మందులు నూరే కల్వం, ఒక మేక. స్వామి శైవ జంగం. మెడలో లింగకాయ, భుజాన జోలె, నోట్లో నాలుగంటే నాలుగు మాటలు. జ్వరమొచ్చినా, పాము కరిచినా, మనసు చెడినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

పినాకపాణి అక్కడికి చేరేనాటికే మూడు వైద్యగ్రంథాలు కంఠోపాఠం. ఏ వేరుకు ఏ రుచి, ఏ రుచి ఏ దోషాన్ని తగ్గిస్తుంది అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. చదువున్న చోట కాస్త మిడిసిపాటూ ఉంటుంది, అతనికీ ఉండేది. కానీ మనిషి మంచివాడు. ఈ కథలో జరిగిన చెడంతా ఆ మంచితనం చేతుల మీదుగానే జరిగింది.

నచ్చని సంగతి ఇదీ. మనసు చెడి వచ్చినవాళ్లకు స్వామి దగ్గర ఒక్కటే మందు, జాలాకు. కొండ మీద బండల సందున ఊరే నీటిని అక్కడ జాలు అంటారు. ఆ జాలు పక్కన పెరిగే పొద ఆకు అది. దానికి ఆయన పెట్టిన నియమాలు చూస్తే పెళ్లికి కూడా అన్ని ఉండవు. నలభై రోజులు, రోజుకొక్క ఆకు. పొద మీద ఎండ పడకముందే కోయాలి. కోసిన ఆకును పిడికిట్లో పట్టుకుని, దాని మీది మంచుతడి ఆరేదాకా అక్కడే మాట్లాడకుండా కూర్చోవాలి. ఎక్కిన దోవన కాకుండా వాగు వెంబడి దిగిరావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరి ఆకు వారే కోసుకోవాలి. ఒకరు కోసింది ఇంకొకరికి పనిచేయదు.

ఆకు తెచ్చిస్తే స్వామి రెండు మిరియాలు వేసి నూరి ఇచ్చేవాడు. నాడి పట్టుకునేవాడు కాదు, నాలుక చూపమనేవాడు కాదు. "దోవలో ఏం చూసినావు?" అని మాత్రం అడిగేవాడు.

"ఏముంటాది సామీ, రాళ్లు, చెట్లు" అనేవాళ్లు.

"సరే, రేపు రా."

పినాకపాణి తన గ్రంథాలన్నీ తిరగేశాడు. జాలాకు ఎక్కడా కనపడలేదు. గ్రంథాలకు అందని మందు మా గురువుగారికి తెలుసని ఒకపక్క పొంగిపోయాడు. ఇంకోపక్క ఆ నియమాలు అతనికి మింగుడు పడలేదు. కోసేది ఎవరో చూసుకోవడానికి ఆకుకు కళ్లున్నాయా? గుణం ఆకులో ఉంటుంది గానీ కోసిన చేతిలో ఉంటుందా? అన్నం కూడా సరిగా తినలేని మనిషిని రోజూ కొండెక్కించడం ఏం న్యాయం?

ఆ పుష్యమాసం చలిలో చౌడప్ప వచ్చాడు. వచ్చాడనడం కంటే, భార్య ఓబులమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది అనడం సబబు. వాళ్లది క్రోసెడు దూరంలోని తొగటపల్లె. చీరలు నేసే ఇల్లు. అంతకుముందు ఏడాది వాంతిభేది వచ్చి ఇద్దరు పిల్లలూ ఒకే వారంలో పోయారు. అప్పట్నుంచి చౌడప్ప మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలో ఉంటుంది, కదలదు. గాలికి పోగులు తెగుతాయని నేతవాళ్లు కిటికీలు పెట్టుకోరు, తలుపు కూడా దగ్గరగా వేసుకుంటారు. ఆ చీకట్లో కూర్చుని కూర్చుని అతను మాట్లాడ్డం మానేశాడు.

"పలకరిస్తే నా దిక్కు చూస్తాడు సామీ. చూసేది నన్ను కాదు" అంది ఓబులమ్మ.

స్వామి కొండ వైపు చెయ్యి చూపించి నియమాలన్నీ చెప్పాడు.

పన్నెండు రోజులు చౌడప్ప ఆకు తెచ్చాడు, "ఏం ల్యా సామీ" అన్నాడు, మందు తాగి వెళ్లిపోయాడు. పదమూడో రోజున ఆకు చేతికిచ్చి అరుగు దగ్గర నిలబడ్డాడు.

"వాగు కాడ ఒక పిట్ట" అన్నాడు.

"ఏం పిట్ట?"

"నీలంది. నీళ్లల్లో పడి లేచింది."

"లకుముకి పిట్ట" అన్నాడు స్వామి.

చౌడప్ప వాగు వైపు తిరిగాడు. "ఆ నీలం మా రంగుతొట్లో ఎన్ని ముంచులు ముంచినా రాదు సామీ" అన్నాడు.

ఆ పూట స్వామి మేకకు రెండు పిడికిళ్లు ఉలవలు ఎక్కువ వేశాడు. పినాకపాణి అది చూశాడు. ఏదో పండగ తిథేమో అనుకున్నాడు.

మరో అయిదు రోజులకు రేవణయ్య స్వామి శివరాత్రికని శ్రీశైలం బయలుదేరాడు. నడిచి పోయి నడిచి రావాలి, నెల మీద పట్టే ప్రయాణం. మఠమూ మందులూ శిష్యుడికి అప్పజెప్పాడు. అప్పటికి జాలాకు తాగుతున్నవాడు చౌడప్ప ఒక్కడే.

"ఎవరి ఆకు వారే కోసుకోవాల. అది మాత్రం మరవొద్దు పాణీ."

"ఎందుకు స్వామీ?" అన్నాడు పినాకపాణి. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న ప్రశ్న అది.

స్వామి జోలె ముడి బిగిస్తున్నాడు. తోటి జంగాలు వాగు అవతల నిలబడి కేకేస్తున్నారు. "వచ్చినాక చెప్తాలే" అని కర్ర తీసుకుని దాటిపోయాడు.

మరునాడు పొద్దు బాగా ఎక్కినా చౌడప్ప రాలేదు. చివరికి కుంటుకుంటూ వచ్చాడు. అరికాల్లో తుమ్మముల్లు లోపలికంటా దిగి పాదం పొంగి ఉంది. పిడికిట్లో ఆకు మాత్రం నలగకుండా ఉంది. పినాకపాణి ఎదురెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి, పాదం ఒళ్లో పెట్టుకుని, సూదితో ముల్లు తవ్వడం మొదలుపెట్టాడు.

"చిన్నసామీ, ఈపొద్దు ఆ పిట్ట..." అన్నాడు చౌడప్ప.

"కదలకు చౌడప్పా. ముల్లు లోపల విరిగిపోతుంది."

చౌడప్ప ఊరుకున్నాడు. ముల్లు వచ్చింది. పసుపూ ఆముదమూ వేసి కట్టు కడుతూ పినాకపాణి ఒక నిర్ణయానికి వచ్చాడు. "రేపట్నుంచి నువ్వు కొండెక్కొద్దు. ఎల్లుండి ఓబులమ్మను పంపు. మిగిలిన ఇరవై ఒక్క రోజుల మందూ ఒకేసారి ఇచ్చేస్తాను. ఇంటి దగ్గరే తాగు."

"నేనే కోసుకోవాలని సామి చెప్పినాడు గదా."

"మందు గుణం మందుది. ఎవరు కోస్తేనేం?"

చౌడప్ప కట్టు వైపు చూసుకున్నాడు, తర్వాత కొండ వైపు చూశాడు. "పోకుంటే ఎట్లనో ఉంటాది చిన్నసామీ" అన్నాడు.

"అలవాటైపోయింది, అందుకే. నాలుగు రోజుల్లో పోతుంది" అని నవ్వాడు పినాకపాణి. కాలు నొప్పితో కూడా కొండెక్కుతానంటున్న ఆ అమాయకత్వం చూస్తే అతనికి ముచ్చటేసింది. ఎద్దుబండి ఒకటి అటు పోతుంటే ఆపి, చౌడప్పను ఎక్కించి పంపాడు.

మర్నాడు తెల్లవారుజామున తనే బుట్ట తీసుకుని కొండెక్కాడు. జాలు దగ్గర కూర్చోలేదు. వాగు వెంబడి దిగలేదు. బుట్టెడు ఆకు దూసుకుని గబగబా వచ్చేశాడు. పెనం మీద సన్నసెగన ఆకును ఆర్చి, మిరియాలు కలిపి దంచి, గుడ్డలో జల్లించి, మోదుగాకుల్లో ఇరవై ఒక్క పొట్లాలు కట్టాడు. ఒక్కో పొట్లంలో మందు వీసమెత్తు తేడా లేదు. ఓబులమ్మ వచ్చి కళ్లకద్దుకుని తీసుకుపోయింది. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, గురువుగారు వచ్చాక ఈ పద్ధతి చూసి ఏమంటారో అని ఊహించుకున్నాడు. ముసలివాళ్లకు, బాలింతలకు, కుంటివాళ్లకు అందరికీ ఇలాగే ఇవ్వొచ్చు. ఇంత తేలిక మార్గం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదే అనిపించింది.

నెల గడిచింది. తొగటపల్లె నుంచి ఎవరూ రాలేదు. నయమైనవాడు మళ్లీ ఎందుకొస్తాడని అతను అనుకున్నాడు.

రేవణయ్య స్వామి తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, మేక మెడ నిమిరి, మొదట అడిగిన మాట "చౌడప్ప ఏం చూసినాడంట?"

పినాకపాణి ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. ముల్లు, కట్టు, బుట్ట, పొట్లాలు, వీసమెత్తు తేడా లేకపోవడం. చెప్తూ చెప్తూ గురువుగారి మొహం చూసి, చివరి మాటలు మింగేశాడు. స్వామి కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"పోయి చూసిరా నాయనా" అన్నాడు స్వామి.

తొగటపల్లెలో ఆ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మగ్గం చప్పుడు వినిపించి పినాకపాణి ఊపిరి పీల్చుకున్నాడు. తలుపు తోశాడు. గుంతలో కూర్చుని నేస్తున్నది ఓబులమ్మ. చేతులకు గాజులు లేవు.

ఆమే లేచి పీట వేసింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అతను ఆ గాజుల్లేని చేతుల్నే చూడటం గమనించి, తనే నెమ్మదిగా చెప్పింది.

"పోయినాడు చిన్నసామీ. అమాసకు ముందు. మీరు ఇచ్చిన మందు మాత్రం ఒక్క పూటా మానలేదు. పదిహేడు రోజులు తాగినాడు. కూడు వొద్దనే దినం గూడా మందు తాగినాడు."

"కాలు?"

"కాలు నాలుగు దినాల్లోనే మానిపాయ. మీ చెయ్యి మంచిది." ఆమె కొంగుతో పీట అంచు తుడిచింది. "కొండకు పోయే దినాల్లో ఇంటికొచ్చి చెప్తాండె. ఈపొద్దు రాతి మీద మంచు ఇట్లుండె, ఈపొద్దు కొండగొర్రె అడుగులు కనపడె అని. ముందు ఒక మాట, తర్వాత రెండు మాటలు. పిల్లోళ్లు పోయినాక ఆ నోట్లోంచి మాట రావడం అదే మొదలు. నేను అన్నం వడ్డించి, ఏం చెప్తాడా అని కూచుంటాంటి."

పినాకపాణి తాగని చెంబు కింద పెట్టాడు.

"మందు ఇంటికే వచ్చినాక అడిగినా. ఏమన్నా చెప్పయ్యా అని. చెప్పేదానికి ఏముండాది ఓబులా, గోడ చూసినా అన్నాడు. తర్వాత ఆ మాట గూడా లేకపాయ. మళ్లా గుంతలో కూచున్నాడు, కూడు మానేసినాడు, అట్లే పోయినాడు."

ఆమె లోపలికి పోయి ఒక చిన్న మూట తెచ్చింది. విప్పి చూపించింది. మోదుగాకు పొట్లాలు నాలుగు.

"ఇవి మిగిలినాయి. ఇంకెవరికన్నా పనికొస్తాయి, తీసుకపోండి సామీ. మా కోసం అంత కష్టపడి కొండెక్కి తెచ్చినారు. మీ మేలు మర్చిపోయేది కాదు."

తిట్టినా, శాపం పెట్టినా మోయగలిగేవాడు. ఆ కృతజ్ఞతను మోసుకుంటూ క్రోసెడు దూరం ఎలా నడిచాడో అతనికి తెలియదు.

మూట తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు. జరిగింది చెప్పాడు.  స్వామి లేచి, ఒక్కొక్క పొట్లమే విప్పి, నాలుగింటి పొడినీ మేక కుడితి తొట్లో కలిపాడు. మేక మూతి పెట్టి గుటగుటా తాగేసి, అంచులు కూడా నాకింది.

"స్వామీ, అది మందు" అన్నాడు పినాకపాణి.

"ఈ మేక తల్లి కొండ మీద దినామూ మేసిన ఆకే" అన్నాడు స్వామి. "నాకూ దాని పేరు తెలీదు. జాలు కాడ ఉంటాదని జాలాకు అన్నాను."

"మరి ఆ మాట వాళ్లకు ఎందుకు చెప్పలేదు? పోయి కొండ మీద కాసేపు కూర్చోండి అని చెప్పొచ్చు కదా."

"ఊరికే పోయి కూచోమంటే ఎవరూ పోరు నాయనా. మందంటే పోతారు." స్వామి ఖాళీ మోదుగాకులు దగ్గరికి తీసి మడిచాడు. "వాళ్లకు చెప్పకపోవడంలో తప్పులేదు. నీకు చెప్పకపోవడం తప్పు. అడిగినావు. వచ్చినాక చెప్తానన్నాను. ఒక్క మాటకు ఎంతసేపు పడుతుంది? శివుణ్ణి చూడాలని తొందరపడి పోయినాను."

ఆయన ఆ మోదుగాకుల్ని పొయ్యిలో పడేశాడు.

ఆ తర్వాత పినాకపాణి సంగతి చెప్పుకోవాలంటే, చౌడప్ప సంగతే మళ్లీ చెప్పాలి. మందుల కొట్టంలో ఒక మూల కూర్చునేవాడు. కల్వంలో నూరుడురాయి పట్టుకునేవాడు, నూరేవాడు కాదు. పెట్టినప్పుడు తినేవాడు. కంటి మీద కునుకు లేదు. కంఠోపాఠంగా ఉన్న గ్రంథాల్లో మనోవ్యాధి లక్షణాలన్నీ వరసగా గుర్తొచ్చేవి, అవి తనవేనని తెలిసేది. తెలిసినందువల్ల ఒరిగిందేమీ లేదు. కళ్లు మూసుకుంటే "ఈపొద్దు ఆ పిట్ట..." అనే మాట వినిపించేది. ఆ రోజు చౌడప్ప ఏం చెప్పబోయాడు? ముల్లు ఎక్కడికి పోతుంది, ఒక నిమిషం ఆగి వింటే?

పది రోజులు చూసి, స్వామి కొట్టం తలుపు బార్లా తెరిచాడు.

"రేపట్నుంచి పోయి ఆకు కోసుకురా."

పినాకపాణి ఆయన్ని వెర్రిగా చూశాడు. "అందులో ఏమీ లేదని తెలిశాక కూడానా స్వామీ?"

"తెలిసినా కాళ్లు నడుస్తాయి గదా" అన్నాడు స్వామి.

వెళ్లాడు. గురువు మాట కాబట్టి వెళ్లాడు. ఆకు కోశాడు, పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు, వాగు వెంబడి దిగాడు. స్వామి రెండు మిరియాలు వేసి నూరి ఇచ్చాడు. "దోవలో ఏం చూసినావు?"

"ఏమీ లేదు స్వామీ."

అబద్ధం కాదది. రోజూ దిగి వచ్చే ఆ దోవలో అతనికి కనపడింది ఒక్కటే, కుంటుకుంటూ వస్తున్న ఒక మనిషి. జాలు పక్కన బండ మీద కూర్చుంటే, ఇక్కడే కదా అతనూ కూర్చున్నాడు అనిపించేది. లేచి పారిపోవాలనిపించేది. కానీ ఆకు తడి ఆరదు. అది ఆరేదాకా కూర్చోక తప్పదు. ఆ నియమం ఎందుకు పెట్టారో అప్పుడు కొంచెం తెలిసింది.

చైత్రం వచ్చింది. వాగు సన్నబడి మడుగులుగా మిగిలింది. ఎన్నో రోజో అతను లెక్కపెట్టుకోలేదు, వాగు మలుపులో నీళ్లు తాగుదామని వంగాడు. తలెత్తేసరికి ఎదుటి గట్టు మట్టిలో గుండ్రంగా ఒక బొక్క కనపడింది. పిడికిలి పట్టేంత బొక్క. చూస్తుండగానే నీలంగా ఏదో దూసుకొచ్చి అందులో దూరింది. నోట్లో చేపపిల్ల ఉంది. లోపల్నుంచి సన్నగా, ఒకదాని మీద ఒకటి పడి, ఆకలి కేకలు. పిట్ట బయటికొచ్చి కొమ్మ మీద వాలి, మళ్లీ నీళ్లలోకి చూస్తూ కూర్చుంది.

పినాకపాణి అక్కడే చతికిలపడ్డాడు. అన్ని రోజుల తర్వాత అతనికి ఏడుపు వచ్చింది. ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఆ నీలం ఏ తొట్లో ముంచినా వచ్చేది కాదు, నిజమే. ఆ రోజు అప్పుడప్పుడే గట్టును తవ్వుతున్న పిట్టను చౌడప్ప చూశాడేమో. ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్నవాడు గూడు కట్టే పిట్టను చూసి, ఆ మాట చెప్పడానికి కాలు ఈడ్చుకుంటూ వచ్చాడేమో. కాదేమో కూడా. ఇక తెలిసే దారి లేదు.

మఠానికి వచ్చేసరికి స్వామి అరుగు మీద కల్వం పెట్టుకుని కూర్చున్నాడు.

"దోవలో ఏం చూసినావు?"

పినాకపాణి చెప్పాడు. గట్టు, బొక్క, చేపపిల్ల, లోపలి కేకలు. చెప్తుంటే మాట తడబడింది, మళ్లీ మొదటికి పోయి చెప్పాడు. స్వామి అంతా విన్నాడు. చేతిలోని మిరియాలు కల్వంలో వేయలేదు, డబ్బాలో వేసి మూత పెట్టాడు.

"నాకెందుకు చెప్తావు నాయనా?" అన్నాడు. "ఇది వినాలని ఎదురుచూసిన మనిషి తొగటపల్లెలో ఉండాది."

పినాకపాణి పిడికిలి విప్పి చూసుకున్నాడు. ఆకు వాడిపోయి ఉంది. దాన్ని అరుగు మీద పెట్టి, తొగటపల్లె దోవ పట్టాడు.